క్రాస్ కంట్రీ పోటీలో నాలుగో ల్యాప్‌కే తప్పించారు: లోపం కాళ్లలో ఉందా, దిగుడులో ఉందా?

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. రెండున్నరేళ్లుగా కొండదారుల్లో మౌంటెన్ బైక్ తొక్కుతున్నాను. ఇన్నాళ్లూ సరదాకే తొక్కాను. పోయిన నెల మొదటిసారి ఒలింపిక్ తరహా క్రాస్ కంట్రీ పోటీలో దిగాను. ల్యాప్ నాలుగున్నర కిలోమీటర్లు, మొత్తం ఆరు ల్యాప్‌లు. నాలుగో ల్యాప్ పూర్తయ్యేసరికి పోటీ అధికారి చెయ్యి ఊపి నన్ను పక్కకు తప్పించారు. అందరికన్నా ముందున్న రైడర్ మొదటి ల్యాప్ సమయంలో 80 శాతం మేర వెనకబడినవాళ్లను తప్పిస్తారన్న నిబంధన గురించి ముందే చదివాను గానీ, అది నా దాకా వస్తుందని అనుకోలేదు. ముందున్న రైడర్ మొదటి ల్యాప్‌ను సరిగ్గా 13 నిమిషాల్లో ముగించాడు. అందులో 80 శాతం అంటే 10 నిమిషాల 24 సెకన్లు. నేను అతనికి 10 నిమిషాల 30 సెకన్లు వెనకబడ్డాను. ఆరు సెకన్లలో పోయిందని బాధపడటం లేదు, ఎందుకంటే నేనున్న స్థితిలో తర్వాతి ల్యాప్‌లో ఎలాగూ పోయేదే. నా సందేహం వేరు.

పాయింట్లేవీ లేనందువల్ల నన్ను చిట్టచివరి వరుసలో నిలబెట్టారు. పోటీ మొదలవగానే వెడల్పాటి మట్టిబాట మీద మూడు వందల మీటర్ల దాకా అందరం ఒక్క గుంపుగా దూసుకుపోయాం. అక్కడ దారి సన్నబడి ఒక్క బైకు మాత్రమే పట్టే సింగిల్ ట్రాక్‌గా మారుతుంది. ఆ మూతి దగ్గర నేను దాదాపు 40 సెకన్లు ఒక కాలు నేల మీద ఆనించి నిలబడే ఉన్నాను. నా ముందువాళ్లు ఒక్కొక్కరే లోపలికి దూరుతుంటే, మొదటి వరుసవాళ్లు అప్పటికే చెట్ల సందుల్లోంచి ఎదుటి గట్టు ఎక్కుతూ కనిపించారు. ఆ కోపంతో మొదటి ఎక్కుడులో శక్తి కొద్దీ తొక్కి పదిమందిని దాటాను. నా ల్యాప్ సమయాలు వరుసగా 14:40, 15:20, 16:05, 16:50. పెద్ద ఎక్కుడుకు మొదటి ల్యాప్‌లో 4 నిమిషాల 10 సెకన్లు పడితే, నాలుగో ల్యాప్‌లో 5 నిమిషాల 20 సెకన్లు పట్టింది.

నాతో కలిసి సాధన చేసే మిత్రుడొకరు అదే పోటీలో 27వ స్థానంలో ముగించారు. రోజూ ఎక్కేటప్పుడు మేమిద్దరం సమానమే. ఒక్కోసారి నేనే ముందుంటాను. ఇద్దరి సైకిల్ కంప్యూటర్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం వింతగా తోచింది. పెద్ద దిగుడు అడుగుకు చేరేసరికి ఆయన గుండె వేగం 166 దాకా తగ్గింది, నాది 178 దగ్గరే ఉండిపోయింది. దిగేటప్పుడు నేను పెడల్ తొక్కింది కూడా లేదు. ఇది దేనికి సూచన? తొమ్మిది వారాల తర్వాత ఇదే దారి మీద మరో పోటీ ఉంది. అప్పటిలోగా నేను దేని మీద దృష్టి పెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

గుట్టదారి:

కొత్తచక్రం గారూ, మీరు చాలా శ్రద్ధగా వివరాలు రాశారు, కనుక సమాధానం కూడా శ్రద్ధగానే ఇవ్వాలి. నేను పన్నెండేళ్లు క్రాస్ కంట్రీ పోటీల్లో తొక్కి, ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నాను.

ముందుగా ఆరంభం సంగతి. ఈ ఆటలో ఎక్కడ నిలబడి మొదలుపెడతామన్నది చిన్న విషయం కాదు. ప్రపంచ కప్‌లో 2018 నుంచి షార్ట్ ట్రాక్ అనే పొట్టి పోటీ పెట్టి, దాని ఫలితాల ఆధారంగానే అసలు పోటీ ముందు వరుసలను నిర్ణయిస్తున్నారంటే, ఆ చోటు కోసం విడిగా ఒక పోటీ ఆడవలసినంత విలువ దానికి ఉందన్నమాట. అయితే వెనక వరుస శాపమని కూడా అనుకోనక్కర్లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్ తగినన్ని పాయింట్లు లేక నాలుగో వరుసలో నిలబడి, అక్కడి నుంచే స్వర్ణం గెలిచాడు. మీరు 40 సెకన్లు ఆగిపోయారు. అది మీ చేతిలో లేదు. ఆ 40 సెకన్లనూ ఒక్క ఎక్కుడులోనే రాబట్టుకోవాలని చూడటం మాత్రం మీ చేతిలో ఉన్న పనే. ఆ పదిమందినీ రెండు ల్యాప్‌ల వ్యవధిలో నిదానంగా దాటి ఉంటే, అదే స్థానానికి సగం ఖర్చుతో చేరేవారు.

ఇక మీ ప్రశ్నకు జవాబు ఆ 178 లోనే ఉంది. మీరు దిగుడును సెకన్లలో కొలుస్తున్నారు, ఖర్చులో కొలవడం లేదు. దిగుడులో మిత్రుడికీ మీకూ తేడా బహుశా ఇరవై సెకన్లే ఉంటుంది, అందుకే అది మీకు పెద్దగా కనబడలేదు. కానీ ఆయన ఆ రెండున్నర నిమిషాల్లో ఊపిరి తీసుకుని కిందికి వచ్చారు. మీరు ఊపిరి పోగొట్టుకుని వచ్చారు. తర్వాతి ఎక్కుడు మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నా, ఇద్దరి చేతిలో ఉన్న పెట్టుబడి ఒకటి కాదు. భయం వల్ల బిగుసుకున్న శరీరం పెడల్ తొక్కకుండానే పని చేస్తూ ఉంటుంది. వేళ్లు హ్యాండిల్‌ను నలిపేస్తుంటాయి, మోచేతులు కర్రల్లా నిలబడి ప్రతి రాయి దెబ్బనూ భుజాలకు చేరవేస్తాయి, తొడలు బిగిసి ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. ఈసారి దిగిన వెంటనే మీ ముంజేతులను తడిమి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే నేను చెప్పింది నిజమని తెలుస్తుంది.

దీనికి మూలం దాదాపు ఎప్పుడూ బ్రేకులోనే ఉంటుంది. కొత్తవాళ్లు దిగుడంతటా బ్రేకును కొద్దికొద్దిగా పట్టి ఈడుస్తారు. బ్రేకు పట్టి ఉన్న చక్రం రాళ్ల మీద దొర్లదు, తగులుకుంటుంది; ముందు ఫోర్క్ కుంగిపోయి ఉండటం వల్ల దెబ్బను మింగడానికి దానికి చోటుండదు; బరువంతా అరచేతుల మీదికి వస్తుంది. నేర్చినవాళ్లు మలుపుకు ముందు నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా, కొద్దిసేపు పట్టి, మలుపులోకి అడుగుపెట్టేసరికి పూర్తిగా వదిలేస్తారు. మొత్తం మీద బ్రేకు వాడే సేపు తగ్గుతుంది, పట్టే బలం పెరుగుతుంది. ఈ ఆట చరిత్రలోనే బ్రేకుకు పెద్ద చోటుంది. 1976 లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, పాత బరువు సైకిళ్లతో కొందరు యువకులు మొదలుపెట్టిన కొండ దిగుడు పోటీకి రీప్యాక్ అని పేరు వచ్చింది బ్రేకు వల్లే. ఒక్కసారి దిగేసరికి వెనక హబ్‌లోని బ్రేకు వేడికి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ మరోసారి దిగడం కుదిరేది కాదు.

పెడల్ తొక్కకుండా ఎంత వేగం నిలబెట్టుకోవచ్చో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. 2015 లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన డౌన్‌హిల్ (కొండ దిగుడు) ప్రపంచ కప్‌లో అమెరికా రైడర్ ఆరన్ గ్విన్‌కు ఆరంభంలోనే చైన్ తెగిపోయింది. ఆ కొండ అడుగు దాకా ఒక్క పెడల్ తొక్కు కూడా లేకుండా దిగి, ఆ పోటీ గెలిచాడు. దిబ్బ వెనక వాలులో బైకును కిందికి ఒత్తి, ఎదురు వాలులో శరీరాన్ని తేలిక చేసి, బ్రేకును వీలైనంత తక్కువగా ముట్టుకుని నిలబెట్టుకున్న వేగం అది. మనకు అంత వేగం అక్కర్లేదు. ఆ పద్ధతిలో పదో వంతు అలవడినా ఎక్కుడుకు ఊపిరి మిగులుతుంది.

శ్వాసలెక్క:

గుట్టదారి గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ సమాధానంలో నైపుణ్యానికి వేసిన బరువు ఎక్కువైందని నా అభిప్రాయం. క్రాస్ కంట్రీలో ల్యాప్ సమయంలో పెద్ద వాటా ఎక్కుడుదే. కొత్తచక్రం గారి ఎక్కుడు సమయం నాలుగు ల్యాప్‌లలో 70 సెకన్లు పెరిగింది. దాన్ని మొత్తంగా దిగుడు మీదికి నెట్టడం సరికాదు. అది సాధనలో ఉన్న లోటు.

పెద్దల విభాగంలో ఈ పోటీ గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై నిమిషాల దాకా సాగేలా దారిని రూపొందిస్తారు. అంతసేపూ గుండె సగటున గరిష్ఠ వేగంలో 90 శాతం దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. అయినా ఇది రోడ్డు మీద ఒకే వేగంతో తొక్కే టైమ్ ట్రయల్ లాంటిది కాదు. పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, అయిదు సెకన్లు వదిలేయడం, ఒక రాతిమెట్టు ఎక్కడానికి మళ్లీ ఎగదన్నడం, మలుపు తర్వాత మళ్లీ వేగం అందుకోవడం, ఇలా వందలసార్లు జరుగుతుంది. రెండున్నరేళ్లు సరదాగా తొక్కిన వ్యక్తికి ఎక్కే బలం ఉండవచ్చు. ఆ బలాన్ని గంటకు పైగా మళ్లీ మళ్లీ వాడగల శక్తి మాత్రం దాని కోసం ప్రత్యేకంగా సాధన చేస్తేనే వస్తుంది. మిత్రుడితో కలిసి రోజూ ఎక్కేటప్పుడు సమానంగా ఉన్నారంటే అది తాజా కాళ్లతో చూసిన లెక్క.

నా సలహా ఇది. వారానికి రెండు రోజులు కఠిన సాధన చాలు. ఒక రోజు 40 సెకన్లు గట్టిగా, 20 సెకన్లు తేలికగా, ఎనిమిది సార్లు తొక్కి, అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకుని, అలాంటి వరుసలు మూడు చేయండి. రెండో రోజు నాలుగైదు నిమిషాల ఎక్కుళ్లు అయిదు, పోటీలో నిలబెట్టగల వేగంతో, మొదటిదీ చివరిదీ ఒకే సమయంలో వచ్చేలా ఎక్కండి. మొదటిది 4:10, చివరిది 4:50 అయితే ఆ రోజు సాధన చెడినట్టే లెక్క. మిగిలిన రోజుల్లో మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా, ఎక్కువసేపు తొక్కాలి. ఈ నెమ్మది రోజులను నిజంగా నెమ్మదిగా తొక్కేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. అసలు మెట్టు అక్కడే ఉంది.

గుట్టదారి:

శ్వాసలెక్క గారూ, మీ సాధన క్రమంతో నాకు పేచీ లేదు. ఎక్కుళ్లను ఒకే సమయంలో ముగించాలన్న మాట మరీ నచ్చింది. కానీ లెక్క చూద్దాం. మొదటి ల్యాప్‌లో ఆగి నిలబడిన 40 సెకన్లు తీసేస్తే అది 14 నిమిషాల ల్యాప్. నాలుగో ల్యాప్ 16:50. తేడా 2 నిమిషాల 50 సెకన్లు. మీరన్న 70 సెకన్లు ఎక్కుడులో పోయాయి, ఒప్పుకుంటాను. మిగిలిన 100 సెకన్లు ఎక్కడ పోయాయి? పెద్ద ఎక్కుడు కాని చోట, అంటే దిగుళ్లలోనూ రాళ్లలోనూ మలుపుల్లోనూ పోయాయి. అలసట వల్ల నైపుణ్యం కరిగిపోయింది, నైపుణ్యం కరగడం వల్ల అలసట పెరిగింది. ఇది ఒకదాన్నొకటి మేపే చక్రం. దాన్ని ఎక్కడ తెంపడం సులభమో చూడాలి. తొమ్మిది వారాల్లో ఊపిరితిత్తుల సత్తా కొద్దిగానే పెరుగుతుంది, బ్రేకు అలవాటు మాత్రం మూడు వారాల్లో మారుతుంది. అందుకే దాన్ని ముందు పెట్టాను.

ఎత్తుపల్లం:

మీ ఇద్దరి మాటలూ చదివాక నాకు అడగాలనిపించిన ప్రశ్న ఒకటుంది. కొత్తచక్రం గారూ, రాళ్ల భాగంలో మీరు బైకు దిగి నడిచారా? నాలుగో ల్యాప్ సమయం చూస్తే దిగారనే అనిపిస్తోంది. దిగడం, పరుగెత్తడం, మళ్లీ ఎక్కి పెడల్ క్లిప్పులో కాలు ఇరికించడం, వేగం అందుకోవడం, ఇదంతా ఒక్కోసారి పన్నెండు నుంచి పదిహేను సెకన్లు తింటుంది. పైగా ఆగిన బైకును మళ్లీ కదిలించే దమ్ము వేరే కావాలి.

నేను మహిళల విభాగంలో ఎనిమిదేళ్లుగా పోటీ పడుతున్నాను. మొదటి మూడేళ్లూ దారిని బైకు మీద రెండు చుట్లు తిరిగి చూసి చాలనుకునేదాన్ని. ఒక పోటీ ముందు రాత్రి వాన పడింది. అంతకుముందు రోజు పొడిగా ఉన్న అడ్డవేరు మీద, ముందు చక్రం ఏటవాలుగా పడి జారి, కాలరు ఎముక విరిగింది. ఆ ఉదయం అక్కడిదాకా నడిచి వెళ్లి ఉంటే ఆ వేరు సబ్బు పూసినట్టు మెరుస్తూ కనిపించేది. అప్పటి నుంచి ప్రతి పోటీకీ దారిని కాళ్లతో నడుస్తాను. అది కూడా కష్టమైన దిగుళ్లను కింది నుంచి పైకి నడుస్తాను. పైనుంచి చూస్తే రాళ్లే కనిపిస్తాయి. కింది నుంచి చూస్తే రాళ్ల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. నేను ఎక్కడ బయటపడాలో ముందు నిర్ణయించుకుని, అక్కడికి తీసుకొచ్చే దారిని వెనక్కి వెతుక్కుంటూ పైకి వెళ్తాను. ప్రతి కష్టమైన చోటుకూ ఒక గుర్తు పెట్టుకుంటాను: ఫలానా మోడు కనబడగానే బ్రేకు, ఫలానా తెల్లరాయికి కుడిపక్కన చక్రం.

దారిని చూడటంలో పొరపాటు ఎంతటివారికైనా జరుగుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పూల్ మొదటి ల్యాప్‌లోనే ఒక పెద్ద రాతిమెట్టు దగ్గర ముందుకు పడిపోయాడు. సాధన సమయంలో ఆ మెట్టుకు పలక వేసి ఉంచారు, పోటీకి తీసేశారు; పలక ఉంటుందన్న లెక్కతోనే అతను దాని మీదికి వెళ్లాడు. అంతటి ప్రతిభావంతుడు ఆ పోటీని ముగించనే లేకపోయాడు.

ఇంకొక మాట. చాలా దారుల్లో కష్టమైన చోట రెండు మార్గాలు ఉంటాయి: సూటిగా, కఠినంగా సాగేది ఒకటి; చుట్టూ తిరిగి, తేలికగా సాగేది మరొకటి. అలసిన నాలుగో ల్యాప్‌లో ఏది వాడాలో మొదటి ల్యాప్ ముందే నిర్ణయించుకోండి. అప్పటికప్పుడు అక్కడికి వెళ్లి ఆలోచించే మనిషి రెండింటి మధ్యనున్న చెట్టుకు గుద్దుకుంటాడు. నేను చూశాను.

కొత్తచక్రం:

అందరికీ మనసారా కృతజ్ఞతలు. ఎత్తుపల్లం గారి ఊహ నిజం. మోకాలెత్తు రాతిమెట్టు ఒకటుంది, దాని అంచు మీదుగా మణికట్టంత లావు వేరు అడ్డంగా పోతుంది, దానికి ముందు ఎడమ మలుపు. మూడో ల్యాప్‌లోనూ నాలుగో ల్యాప్‌లోనూ అక్కడ దిగాను. తేలిక మార్గం ఉంది, కానీ దాని పొడవు చూసి వాడలేదు. నిన్న వెళ్లి కొలిచాను: తేలిక మార్గానికి ఎనిమిది సెకన్లు ఎక్కువ, అంతే. ముంజేతుల పరీక్ష కూడా చేశాను. ఎడమ చేయి కొద్దిసేపు పిడికిలి విప్పలేనంత గట్టిగా ఉంది.

ఇంకొక వివరం చెప్పడం మరిచాను. పంక్చర్ భయంతో టైర్లలో 30 పీఎస్ఐ గాలి పెట్టాను. ట్యూబ్‌లెస్ టైర్లే, 29 అంగుళాల చక్రం, 2.4 అంగుళాల వెడల్పు, నా బరువు 68 కిలోలు. దీని ప్రభావం ఏమైనా ఉంటుందా?

స్పానరుపెట్టె:

ఉంటుంది, చాలా ఉంటుంది. నేను పోటీల్లో రైడర్ల వెంట మెకానిక్‌గా పని చేస్తాను. 68 కిలోల మనిషికి, ఆ వెడల్పు ట్యూబ్‌లెస్ టైరులో 30 పీఎస్ఐ అంటే, రాళ్ల మీద బంతిలా ఎగిరే చక్రం. మీ ముంజేతులు గట్టిపడటానికి సగం కారణం అక్కడే ఉంది. టైరు రాయి ఆకారానికి లొంగి దాన్ని చుట్టుకోవాలి. లొంగకపోతే ఆ దెబ్బ ఫోర్క్‌కూ, అక్కడి నుంచి మీ చేతులకూ వస్తుంది. పైగా ఎక్కుడులో వెనక చక్రం పట్టు తప్పి తిరిగిపోతుంది. ముందు 19, వెనక 21 తో మొదలుపెట్టండి. అదే దిగుడు దిగి, ఒక్కో పీఎస్ఐ తగ్గిస్తూ, రిమ్ రాయికి తగిలిన చప్పుడు వినబడిన చోట ఆగి, ఒకటిన్నర పెంచండి. అది మీ గాలి. పంపుకు ఉండే మీటరును నమ్మకండి. విడిగా ఒక గేజ్ ఉంచుకుని ఎప్పుడూ దానితోనే చూడండి.

పంక్చర్ భయం గురించి. సీలెంట్ (టైరు లోపల ఉండి రంధ్రాలను పూడ్చే ద్రవం) ఎండిపోయిన టైరుతో పోటీకి వచ్చేవాళ్లను ప్రతిసారీ చూస్తాను. వాల్వ్ దగ్గర చక్రాన్ని ఊపి, లోపల ద్రవం కదిలిన చప్పుడు వినండి, వినబడకపోతే నింపండి. టైరు రంధ్రంలో గుచ్చే ప్లగ్గును హ్యాండిల్ చివరలోనే బిగించి ఉంచుకుంటే పదిహేను సెకన్లలో పని అయిపోతుంది. సహాయం అందుకునే చోటు విషయంలో నిబంధన గుర్తుంచుకోండి: చక్రం మార్చడం గానీ బయటివాళ్ల సాయం గానీ టెక్నికల్ జోన్‌లోనే జరగాలి. అక్కడిదాకా బైకును తొక్కుతారో, నెట్టుకుంటూ పరుగెత్తుతారో మీ ఇష్టం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పిడ్‌కాక్‌కు మధ్యలో ముందు టైరు పోయింది. జోన్ దాకా వచ్చి చక్రం మార్చుకునేసరికి అరనిమిషానికి పైగా వెనకబడ్డాడు. ఆ సమయాన్నంతా ఒక్క ల్యాప్‌లో లాక్కోవాలని చూడకుండా, ఒక్కొక్కరినే అందుకుంటూ వచ్చి, చివరి ల్యాప్‌లో చెట్టు దగ్గర రెండుగా చీలిన దారిలో ఫ్రాన్స్ రైడర్ విక్టర్ కోరెట్జ్‌కీ పట్టిన పక్క కాకుండా రెండో పక్క పట్టి ముందుకు వచ్చి గెలిచాడు. పంక్చర్ అయినా పోటీ మిగిలే ఉంటుంది. పంక్చర్ కాకూడదని పెట్టిన గాలి మాత్రం మొదటి మీటరు నుంచి చివరి మీటరు దాకా మిమ్మల్ని వెనక్కి లాగుతుంది.

గుట్టదారి:

గాలి సంగతి బయటపడటం మంచిదైంది. 30 అని ముందే తెలిసి ఉంటే నేను అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ణి.

శ్వాసలెక్క గారి క్రమానికి ఒక్క మార్పు చేయండి. 40 సెకన్ల వరుసలను ఒక దిగుడు నెత్తిన ముగిసేలా పెట్టుకుని, వరుస అయిన వెంటనే, ఊపిరి ఇంకా అందనప్పుడే, ఆ దిగుడు దిగండి. తాజాగా ఉన్నప్పుడు దిగడం వేరే విద్య. పోటీలో అది ఎక్కడా ఉపయోగపడదు. దిగేటప్పుడు నోటితో పైకి వినబడేలా ఊపిరి వదలండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, కానీ ఊపిరి బిగబట్టే అలవాటును విడిపించడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకు తెలియదు. బ్రేకు లివర్ మీద ఒక్క వేలే ఉండాలి, మిగిలిన వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకోవడానికే. చూపు ముందు చక్రం మీద కాక, రెండు సెకన్ల తర్వాత మీరుండే చోట ఉండాలి. డ్రాపర్ పోస్ట్ (తొక్కుతూనే సీటును దించగలిగే గొట్టం) ఉంటే సీటును ప్రతి దిగుడుకూ, చిన్నదైనా సరే, కిందికి దించడం అలవాటు చేసుకోండి. ఆ రాతిమెట్టుకు మాత్రం మొదటి మూడు ల్యాప్‌లు సూటి మార్గం, తర్వాత మూడు తేలిక మార్గం అని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

శ్వాసలెక్క:

ఊపిరి అందనప్పుడు దిగే సాధన సబబైన మార్పు. నేను కూడా నా దగ్గరున్నవాళ్లతో చేయిస్తాను. ఒక్క హెచ్చరిక: ఎనిమిదో వారం సగం దూరమే తొక్కండి, పోటీ వారం ఇంకా తగ్గించండి. పోటీ దగ్గరపడే కొద్దీ సాధన పెంచాలన్న తొందర అందరికీ పుడుతుంది. అప్పుడు చేసింది ఆ పోటీకి అందదు, కాళ్లలో బరువుగా మాత్రం మిగులుతుంది. మొదటి ల్యాప్ ఎక్కుడును 4:10 లో కాదు, 4:25 లో ఎక్కండి. మిమ్మల్ని దాటిపోయేవాళ్లను పోనివ్వండి.

కొత్తచక్రం:

పోటీ నిన్న ముగిసింది. ఇక్కడ సలహా ఇచ్చిన అందరికీ ఆ లెక్కలు చెప్పడం నా బాధ్యత.

ఈసారి చివరి నుంచి రెండో వరుస దక్కింది. సింగిల్ ట్రాక్ మూతి దగ్గర మళ్లీ ఆగవలసి వచ్చింది గానీ, పాతిక సెకన్లే. గుంపు మధ్యలో కాకుండా బయటి అంచున వెళ్లడం వల్ల కొందరిని అక్కడే దాటగలిగాను. గాలి ముందు 19, వెనక 20.5. పెద్ద ఎక్కుడు మొదటిసారి 4:24. ఏడుగురు నన్ను దాటిపోయారు, పోనిచ్చాను. వాళ్లలో అయిదుగురు అయిదో ల్యాప్‌లోగా మళ్లీ కనిపించారు. ఆరో ల్యాప్‌లో అదే ఎక్కుడు 4:37. ల్యాప్‌లు 14:25 నుంచి 14:50 మధ్యలోనే ఉన్నాయి, ఆరూ పూర్తి చేశాను, 34వ స్థానం. దిగుడు అడుగున గుండె వేగం 169. ఊపిరి వదిలే చప్పుడు విని ముందున్న రైడర్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

రాతిమెట్టు దగ్గర రాసుకున్న ప్రకారమే మూడు ల్యాప్‌లు సూటిగా, మూడు పక్క దారిన వెళ్లాను, ఒక్కసారీ దిగలేదు. అయితే దానికి ముందున్న ఎడమ మలుపులో ఇంకా ఏదో తప్పు చేస్తున్నానని అనిపించి, పోటీ అయ్యాక నడుచుకుంటూ అక్కడికి వెళ్లాను. మలుపు లోపలి అంచున మట్టిలో పొడవాటి బ్రేకు గీతలు గుంపుగా ఉన్నాయి. ఆ గీతలు మొదలయ్యే చోటికి ఆరేడు అడుగుల ముందు, దారి ఇంకా తిన్నగా ఉన్న దగ్గర, వేరే గీతలు కొన్ని ఉన్నాయి. అవి పొట్టిగా, లోతుగా ఉండి, మలుపు మొదలయ్యేలోపే ఆగిపోయాయి. నా టైరు అచ్చు పొడవాటి గీతల్లో కనిపించింది. వచ్చే శనివారం అక్కడే, ఆ పొట్టి గీతల పక్కన ఒక రాయి గుర్తుగా పెట్టి మొదలుపెడతాను.